నీరు పల్లమెరుగని మూడు నిమిషాలు

పీణ్యా రెండో స్టేజిలో, గ్రానైటు కోసే షెడ్డు వెనక
మా కంపెనీ.
కంపెనీ అంటే ఆరుగురం, రెండు బల్లలు,
ఏప్రిల్ రాగానే గొంతెండిపోయే ఒక బోరు.

చేసేది ఒక్కటే పని:
గిన్నెడు ద్రవం, బరువు పోయాక
ఎటు పోతుందో కనుక్కోవడం.

ఉపగ్రహానికి ఇంధనం దాచే తొట్టి అది.
నేల మీద చిక్కేముంది, గొట్టం అడుగున పెడితే సరి.
నీరు పల్లమెరుగు అనేది హిందూపురంలో మా జేజి,
నిజం సంగతి దేవుడికి వదిలేసి.
అక్కడ పల్లం ఉండదు. అడుగే ఉండదు.
ద్రవం గోడలు పట్టుకుని పాకుతుంది,
గాలి బుడగ నడిమధ్య కూర్చుంటుంది
కిటికీ సీటు దొరికినవాడిలా, ఎంత పిలిచినా లేవకుండా.
దాన్ని తొట్టి మూతి దగ్గరికి రానివ్వకుండా
నాలుగు పల్చటి రేకులు కాపలా కాయాలి.

ఆ రేకులు కోసింది నంజుండాచారి.
వాళ్ళ తాత చెవి కమ్మలు చేసేవాడట.
ఈయన టైటానియం కోస్తాడు,
అదే వంగిన మెడతో, అదే బిగపట్టిన ఊపిరితో.
"ఎన్ని రోజులుంటాదమ్మా పైన?"
మూడు నిమిషాల పదకొండు సెకన్లు, అన్నాను.
"అంతేనా! మా ఇంట్లో డికాక్షన్ కూడా దిగదు."
అక్కడ అసలే దిగదు చారిగారూ, అన్నాను.
ఆయన నవ్వలేదు. ఆలోచించాడు.

ఆ మూడు నిమిషాలు కొనడానికి పదకొండు నెలలు.
రాకెట్టు పరాయివాళ్ళది,
అందులో మాకు చెప్పుల పెట్టెంత చోటు, నాలుగున్నర కిలోలు.
రెండు వందల గ్రాములు ఎక్కువొచ్చిందని
మరలు మార్చాం, మూత పల్చన చేశాం,
చివరికి మా పేర్లు చెక్కిన బిళ్ళ కూడా పీకేశాం.
కక్ష్య దాకా పోదు అది.
విసిరిన రాయిలా పోయి, రాయిలా వస్తుంది.
ఆ పోయి రావడం మధ్యలోనే మా బతుకు.

తిరిగొచ్చి దేవనహళ్ళి కస్టమ్స్‌లో తొమ్మిది రోజులు కూర్చుంది.
ఇందులో ఏముంది?
రంగునీళ్ళు సార్.
విలువ?
షహనాజ్ నా వైపు చూసింది.
నేను ఫ్యాను వైపు.

వీడియో పెట్టిన పూట
వీధిలోకి ట్యాంకరు వచ్చింది, ఎవరం లేవలేదు.
తెర మీద నీరు ఒక్క సెకను నీరులాగే ఉంది.
తర్వాత మరిచిపోయింది.
నీలంగా అద్దం మీదికి ఎక్కింది
పిల్లి గోడెక్కినట్టు, చప్పుడు లేకుండా.
మూడు రేకులు చెప్పిన మాట విన్నాయి.
నాలుగోదాని అంచున ఆగింది బుడగ,
నలభై ఒకటో సెకను నుంచి చివరిదాకా
మూతికి అడ్డంగా.
ఆపైన బరువు తిరిగొచ్చి
అంతా దభాలున అడుగున పడింది.
బయట బిందెలు మోగుతున్నాయి.

చారి వీడియో చూడనన్నాడు.
రేకు విప్పించుకుని, అంచు వెంట
చిటికెన వేలి గోరు లాగాడు.
ఒక చోట గోరు ఆగింది.
"ఇదిగో, ఈడ."
మైక్రోస్కోపులో చూస్తే
వెంట్రుకలో సగం కూడా లేని ఒక మొన.
మా బల్ల మీద వంద పరీక్షలు దాటొచ్చిందది.
ఇన్నాళ్ళూ మా తప్పుని
భూమి కప్పుతూ వచ్చింది, మాకు చెప్పకుండా.

ఆయన ఆకురాయి తీసి రెండే రెండు సార్లు రుద్దాడు.
రెండో టికెట్టు ఫారం నింపుతుంటే
బరువు అన్న గడి దగ్గర చెయ్యాగింది.
పోయినసారి కన్నా వెంట్రుకలో సగం తక్కువ
అని రాయబుద్ధేసింది.
నాలుగున్నర అని రాశాను.

సాయంత్రం, ట్యాంకరువాడు పైపు పీకాక
కారిన నీళ్ళు గ్రానైటు పొడిలోంచి దారి చేసుకుని
మోరీ వైపు పోతున్నాయి.
ఎట్లా తెలుసు వీటికి, అని నిలబడ్డాను,
నా బకెట్టు ఖాళీగా ఉందన్నది కూడా మరిచి.
వెనక నుంచి చారి కేక:
"అమ్మా, మళ్ళీ ట్యాంకరు గురువారమే."